కూర్చుంటే కనబడే చోటు

ఆ పేటలో అతన్ని అందరూ నిచ్చెన అనేవాళ్ళు. మనిషి పొడుగ్గా, బక్కగా, ఒంటి మీద కండ అనేది లేకుండా ఉండటం ఒక కారణం. మోపెడ్ పక్కన మడత నిచ్చెన ఒకటి ఎప్పుడూ కట్టి ఉండటం రెండో కారణం. అతని పని మేడల మీది నీళ్ళ ట్యాంకులు కడగడం. ట్యాంకులోకి దిగి అడుగున పేరుకున్న బురద తోడాలి, గోడలు బ్రష్షుతో రుద్దాలి, మూత బిగించి దిగి రావాలి. కడిగించుకున్నవాళ్ళు నాలుగు రోజులు నీళ్ళు మెచ్చుకుని అతన్ని మర్చిపోతారు. కుళాయిలో నలకలు వచ్చినప్పుడు మళ్ళీ గుర్తొస్తాడు.

పని అయ్యాక అతను వెంటనే దిగేవాడు కాదు. తడిసిన చొక్కా పిట్టగోడ మీద ఆరేసి, విమానాశ్రయం వైపు తిరిగి కూర్చునేవాడు. ఆ విమానాశ్రయం ఊరందరికీ తలనొప్పే. పగలంతా రొద. కిటికీ అద్దాలు గిలగిలలాడతాయి. ఫోన్లో మాట్లాడేవాళ్ళు సగం మాటలో ఆగి, విమానం దాటిపోయాక మిగతా సగం అందుకుంటారు. ఉన్నవాళ్ళకి విమానం ఎక్కేది, లేనివాళ్ళకి తిట్టేది. నిచ్చెనకి మాత్రం చూసేది. ఏ మేడ మీద నిలబడితే విమానం ముక్కు ముందుగా కనబడుతుందో, ఏ మేడ మీద సాయంత్రం ఎండ రెక్కల మీద పడుతుందో అతనికి కంఠతా వచ్చు. మేడలకి పేర్లు కూడా పెట్టుకున్నాడు. పావురాల మేడ, ఎదురుగాలి మేడ, ఇల్లుగలావిడ కింద నుంచి సణుగుతూనే ఉంటుంది కాబట్టి అత్తగారి మేడ.

సెలవు రోజున పెద్ద పెద్ద కెమెరాలు మెడలో వేసుకుని విమానాల కోసం తిరిగే బృందం ఒకటి ఉండేది. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. చోటు ఎవడు కనిపెడితే పేరు వాడిదే, వాడికి చెప్పకుండా కొత్తవాణ్ణి అక్కడికి తీసుకురాకూడదు. ఆ లెక్కన సగం చోట్లు నిచ్చెనవే. కెమెరా లేకపోయినా అతనికి వాళ్ళలో పరువుండేది.

ఇంటికొచ్చాక మాత్రం అతని విమానాల కబుర్లు వినేది ఒక్కడే, బావ. అక్క మొగుడు. రెండు వాటాల ఇంట్లో ముందు వాటా వాళ్ళది, వెనక గది నిచ్చెనది. బావ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేసేవాడు. పొట్టిగా, గట్టిగా, ఇంటి ముందు పాతిన రాయిలా ఉండేవాడు. విమానం పొట్టలోకి దూరి, నిలబడటానికి ఎత్తు లేక మోకాళ్ళ మీద పాకుతూ పెట్టెలు పేర్చడం. పెట్టెలు నిండితే తలుపు మూసి చెయ్యి ఊపడం. చెయ్యి దించేలోగా పక్కన ఇంకోటి వచ్చి ఆగేది. రన్‌వేకీ బావ పనిచేసే చోటుకీ మధ్య అంతా భవనాలే.

"ఇవాళ ఏం లేచింది రా?" అనేవాడు బావ సాయంత్రం గుమ్మంలో మోకాళ్ళకి మందు రుద్దుకుంటూ.

"నాలుగింజన్లది, పొట్ట కింద నీలం గీత ఉంది చూడు, అది."

"మధ్యాహ్నం నేను నింపిందే! వెనకవైపు బరువుగా ఉండాలే. తోక వాలిందా?"

"ఏం వాలలేదు, మల్లెపువ్వులా లేచింది."

"అబ్బా," అని కళ్ళు మూసుకునేవాడు. ఒకడికి విమానం పొట్ట తెలుసు, ఇంకొకడికి రెక్కలు తెలుసు. ఇద్దరూ కలిస్తేనే ఒక విమానం అయ్యేది. ఇద్దరి మధ్యా టీ గ్లాసులు పెట్టి అక్క గొణిగేది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. బల్బు పోతే మార్చే దిక్కు లేదు గానీ, మబ్బుల్లో కబుర్లు!"

ఆ గొణుగుడు మధ్యలో అక్కకి ఆయాసం వచ్చేది. ఆమెది చిన్నప్పటి ఉబ్బసం. పట్టుకుంటే ఒక పట్టాన వదిలేది కాదు. బావ పని మానుకుని ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళి, పక్కన స్టూలు మీద కూర్చుని, మాస్కు జారితే సర్దుతూ ఉండేవాడు. కాస్త తెరిపిన పడ్డాక మళ్ళీ పెట్టెలు, మళ్ళీ మోకాళ్ళు.

తను నింపిన విమానం గాల్లోకి లేవడం బావ ఒక్కసారి కూడా చూడలేదు. "మేడెక్కి చూడు బావా, చూపిస్తాను," అని నిచ్చెన ఎన్నిసార్లు అన్నా, మోకాళ్ళు మెట్లే ఎక్కనివ్వవు, ఇక నిచ్చెనేం ఎక్కుతాయి? "విమానాలు ఎక్కడికి పోతాయిరా, పని మానేశాక తీరిగ్గా చూద్దాం," అనేవాడు.

పని మానేశాడు. తీరిక మాత్రం రాలేదు. కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలింది. షుగరున్న ఒళ్ళు కావటంతో అది మానలేదు. ముందు వేలు తీశారు, తర్వాత పాదం అన్నారు, చివరికి మోకాలి కిందికి ఏమీ మిగల్చలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే ఊ అనేవాడు. అన్నం పెడితే నాలుగు మెతుకులు కతికి చాలనేవాడు. "ఒంట్లో రోగం కంటే మనసులో దిగులు ఎక్కువుంది, దేనిమీదన్నా ఆశ పుట్టించండి," అని డాక్టరు చెప్పి పంపించాడు. ఆశేమన్నా మందుల షాపులో దొరికేదా? అక్క ఆ మాట విని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఒకరోజు విమానం ఒకటి ఇంటి మీదుగా పోయింది. మొహం గోడవైపే ఉంచి బావ అన్నాడు, "ఒరే, ఒక్కటి చూపించరా."

"ఏది బావా?"

"నేల విడిచేది. చక్రాలు నేల మీంచి పైకి లేస్తాయే, ఆ ఒక్క ముక్క. దిగొచ్చినవి బోలెడు చూశాను, వాటి పొట్టలు ఖాళీ చేసింది నేనేగా. పోయేది ఒక్కటీ చూడలేదు."

నిచ్చెన జేబులోంచి ఫోను తీసి వీడియో పెట్టబోయాడు. బావ చేత్తో తోసేశాడు. "నేను పెట్టెలు ఎక్కించింది బొమ్మలోకి కాదురా."

నిచ్చెన సరేనన్నాడు. మాట ఇచ్చాక గాని అసలు సంగతి తట్టలేదు. అతనికి తెలిసిన చోట్లన్నీ నిచ్చెన మీదే ఉన్నాయి. నేల మీద, మామూలు మనిషి నిలబడి చూసే చోటే అరుదు. విమానాశ్రయం చుట్టూ గోడ. గోడ లేనిచోట షెడ్లు, షెడ్లు లేనిచోట చెట్లు, చెట్లు కూడా లేవంటే అక్కడ పోలీసులు. బావకి కావలసింది కూర్చుంటే కనబడే చోటు.

ఆ మర్నాటి నుంచి మోపెడ్‌కి నిచ్చెనతోబాటు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కూడా ఎక్కింది. బావ వరండాలో కూర్చునే చేతుల కుర్చీ అది. కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగాడు. చమురు డిపో వెనక సందులో, మూతబడ్డ కార్లు కడిగే షెడ్డు ముందు, పంట కాలవ గట్టు మీద, చెత్త లారీలు ఆగే మైదానంలో, ఎక్కడపడితే అక్కడ కుర్చీ వేసి, కూర్చుని, చూసి, తల అడ్డంగా ఊపి లేచేవాడు. మనుషులు ఆగి చూసి నవ్వేవాళ్ళు. కెమెరా బృందం కూడా నవ్వింది. "పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండి," అన్నాడు వాళ్ళలో ఒకడు. నిచ్చెన పోయి కుర్చీ వచ్చిందని పేటలో కొత్త పేరు కూడా పుట్టింది.

నాలుగు చోట్లు చూశాక ఇంకో తప్పు బయటపడింది. తను పొడుగు, బావ పొట్టి. తన కంటికి ఆనేది బావ కంటికి ఆనదు. ఇంటికొచ్చి బావని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళ ఎత్తున వెనక గోడ మీద సుద్దముక్కతో గీత గీశాడు. తర్వాత తను అదే కుర్చీలో కూర్చుంటే ఆ గీత గడ్డం కిందకొచ్చింది.

"ఏంట్రా ఈ కొలతలు, నాకు పెట్టె చేయిస్తున్నావా?" అన్నాడు బావ. ఆపరేషను అయ్యాక అతని నోట వేళాకోళం రావటం అదే మొదలు. అక్క మాత్రం "నోరు ముయ్యండి" అని కసిరింది.

అప్పట్నుంచీ నిచ్చెన ఎక్కడ కుర్చీ వేసినా, నడుం జార్చి, మెడ భుజాల్లోకి దించుకుని చూసేవాడు. చమురు డిపో ముందువైపు అలా కూర్చుని ఉండగా ఒక పోలీసు వచ్చాడు.

"ఏయ్, ఇక్కడ కుర్చీ వేసుకుని ఏం చేస్తున్నావ్?"

"కూర్చుంటే కనబడుతుందో లేదో చూస్తున్నా సార్."

"ఏంటి కనబడాల్సింది?"

"విమానం సార్. లేచేది."

"లేచి నిలబడు, కనబడుతుంది."

"నాకు కనబడితే సరిపోదు సార్. కాలు లేనాయనకి కనబడాలి. మా బావ."

"ఎక్కడున్నాడు మీ బావ?"

"ఇంట్లో ఉన్నాడు సార్."

పోలీసు అతన్ని కింద నుంచి మీది దాకా చూశాడు. తాగి ఉన్నాడేమోనని వాసన కూడా చూశాడు. చివరికి తనే వంగి, నిచ్చెన తల పక్కన తల పెట్టి చూశాడు. "గోడే కనబడుతోందిగా," అన్నాడు.

"అదే సార్ నా ఏడుపు."

"సర్లే, ఇక్కడ కూర్చోకూడదు. పో," అన్నాడు పోలీసు. కుర్చీ మోపెడ్ మీద కట్టుకోవటానికి తాడు మాత్రం పట్టుకున్నాడు.

చివరికి చోటు దొరికింది, వెతగ్గా వెతగ్గా పడమటి చివర. అక్కడ గోడ ఆగిపోయి ఇనప కంచె మొదలవుతుంది. కంచె ఇవతల మొక్కలమ్మే నర్సరీ. వానలకి మొక్కలు కుళ్ళకుండా నేల కాస్త మెరక చేశారు. ఆ మెరక మీద, కుండీల వరసల మధ్య, కుర్చీ వేసి నడుం జార్చి కూర్చున్నాడు. అల్లంత దూరం నుంచి విమానం ఎదురుగా పరిగెత్తుకొచ్చింది. సరిగ్గా అతని ముందు ముక్కు ఎత్తింది. చక్రాల కింద వెలుతురు కనబడింది. నిచ్చెన లేచి గంతేశాడు. నర్సరీ ఆవిడ నీళ్ళ గొట్టం పట్టుకుని వచ్చి అరిచింది. విమానాల పక్కన బతికి బతికి ఆవిడకి మామూలుగా మాట్లాడటం పోయింది.

"ఏమయ్యా, మొక్కలు కొంటానికొచ్చావా, గంతులేస్తానికొచ్చావా?"

సంగతి చెప్పాడు. ఆవిడ నీళ్ళు కట్టేసి పూర్తిగా విన్నది. "తీసుకురా. దానికి ఇంత అడగాలా?" అంది, అదే అరుపుతో.

ఇక మిగిలింది గాలి. విమానాలు లేచినా దిగినా గాలికి ఎదురుగానే. పడమటి గాలి వీచినంతకాలం అవి నర్సరీ ముందే లేస్తాయి. గాలి తూర్పుకి మారిందా, అంతా తిరగబడుతుంది. అటు లేచేవి ఇటు దిగుతాయి, ఇటు లేచేవి అటు పోయి లేస్తాయి. నిచ్చెన ఎప్పుడు మేడెక్కినా ముందు ఆస్పత్రి వంటశాల పొగ గొట్టం కేసి చూస్తాడు. పొగ తూర్పుకి వాలితే పడమటి గాలి. ఆ కాలంలో ఎప్పుడూ అలాగే వాలేది. ఒకరోజు ఖాయం చేసుకుని, సామాన్లు మోసే చిన్న వ్యాను ఒకటి మాట్లాడాడు.

ఆ రోజు పొద్దున్నే పావురాల మేడ ఎక్కి చూశాడు. పొగ వాలలేదు. గొట్టంలోంచి నిట్టనిలువుగా లేచి, పైన తేలికగా విచ్చుకుంటోంది. గాలి చచ్చిపోయింది. మబ్బుపట్టిన రోజున గాలి అలా చచ్చిపోయిందంటే మళ్ళీ లేచేది తూర్పు నుంచే. అది నిచ్చెనకి తెలుసు, చంటిపిల్లాడికి తల్లి మొహం తెలిసినట్టు. ఇవాళ వద్దని చెప్పటానికే ఇంటికెళ్ళాడు.

వెళ్ళేసరికి బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. పాత యూనిఫాం చొక్కా వేసుకున్నాడు, ఒళ్ళు తగ్గి అది భుజాల మీంచి జారుతోంది. ఇన్నాళ్ళూ ఇదంతా పిచ్చి అని తిట్టిన అక్క కింద చతికిలబడి, ఉన్న ఒక్క కాలికి బూటు తొడిగి గుడ్డతో తుడుస్తోంది.

"గాలెట్లా ఉందిరా?" అన్నాడు బావ.

నిచ్చెన బావ మొహం చూశాడు, మెరుస్తున్న బూటు చూశాడు. "బావుంది బావా," అన్నాడు. మధ్యాహ్నానికి మళ్ళీ పడమట తిరక్కపోతుందా అని తనకి తనే చెప్పుకున్నాడు.

వ్యాను డ్రైవరూ తనూ చెరో వైపు పట్టి, కుర్చీతో సహా బావని మెరక మీద దించారు. అక్క ఉబ్బసానికి విమానాల పొగ పడదని ఇంట్లోనే ఉంది. బావ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. కంచె అవతల రన్‌వే మొత్తం పరిచినట్టు కనబడుతోంది. "అబ్బో, ఎంత పొడుగురా!" అన్నాడు. ముప్పయ్యేళ్ళ పైన అక్కడే పనిచేసినవాడు.

అంతలో వెనకనుంచి, నెత్తి మీదుగా, కుండీలన్నీ వణికేలా ఒకటి వచ్చింది. కంచె దాటి, చక్రాలు నేలకి ఆనించి, పొగ లేపుకుంటూ అటు పరిగెత్తింది. దిగేది. బావ తల తిప్పి బావమరిది కేసి చూశాడు. నిచ్చెన రన్‌వే కేసే చూస్తున్నాడు. కాసేపటికి ఇంకోటి. అదీ దిగేదే. లేవాల్సినవి వాళ్ళ ముందుకే వచ్చి, మెల్లగా తిరిగి, తోక చూపించి అటు పరిగెత్తేవి. ఇక నేల విడుస్తుంది అనుకునేలోగా షెడ్ల వెనక మాయమయ్యేవి. ఆ తర్వాత ఎప్పటికో, షెడ్ల కప్పుల మీద వేలెడంత కనబడి మబ్బులో కలిసేవి.

"గాలి తిరిగింది బావా," అన్నాడు నిచ్చెన.

"అవతలి చివరకి పోదామా మరి?"

"అటువైపు నాకు తెలిసినవన్నీ మేడలే."

బావ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. "సర్లే. తిరిగిన గాలి మళ్ళీ తిరగదా? కూర్చుందాం," అన్నాడు.

కూర్చున్నారు. నర్సరీ ఆవిడ టీ తెచ్చిచ్చింది. వచ్చేవి వస్తూనే ఉన్నాయి. బావ మొదట్లో వేళాకోళం ఆడాడు. "అన్నీ మన ఊరికే వస్తున్నాయేంట్రా, ఇక్కడేం పెడుతున్నారు?" అన్నాడు. కాసేపటికి ఆ మాటలూ ఆగిపోయాయి. జల్లు మొదలైంది. వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. "పోదాం బావా, ఇంకో రోజు వద్దాం," అని బతిమాలాడు నిచ్చెన. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. బావ కుర్చీ చేతులు వదల్లేదు.

"రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూనే ఇక్కడిదాకా వచ్చాను రా. ఇవాళ చూసే వస్తాను," అన్నాడు.

నర్సరీ ఆవిడ మొక్కల మీద కప్పే పట్టా తెచ్చి ఆయన చుట్టూ కప్పింది. పట్టాలోంచి మొహం ఒక్కటే బయటికి పెట్టి, తోకలు చూపించి పోయేవాటినే చూస్తూ ఉన్నాడు. పొద్దు వాలుతుండగా, ఆయన పళ్ళు టకటకలాడటం వినబడి, నిచ్చెన ఇక అడక్కుండా డ్రైవర్ని పిలిచాడు. కుర్చీ ఎత్తుతుంటే బావ అడ్డం చెప్పలేదు. తల మాత్రం వెనక్కి తిప్పి ఉంచాడు.

ఆ రాత్రే జ్వరం వచ్చింది. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. అక్కకి మాస్కు సర్దిన మనిషికి అక్క మాస్కు సర్దింది. ఎన్నో రోజులు పట్టలేదు. ఆస్పత్రి వరండాలో అక్క నిచ్చెన చొక్కా పట్టుకుని గుంజింది. "గాలి చూసి తీసుకెళ్ళినవాడివి, గాలి చూసి వెనక్కి తీసుకురాలేకపోయావా? నీ పిచ్చికి నా మనిషిని బలిచ్చావు కదరా!" అంది. నిచ్చెన గుంజనిచ్చాడు. ఆ రోజు పొద్దుటి పొగ గొట్టం సంగతి ఆమెకి తెలిస్తే ఇంకేమనేదో అనుకుని, ఆ భయం ఒకటి లోపల పెట్టుకున్నాడు.

తర్వాత అక్క అతనితో మాట్లాడలేదు. వెనక గది గుమ్మంలో అన్నం కంచం పెట్టి వెళ్ళేది. ఒకే ఇంట్లో ఉండి ఎదురుపడితే ఇద్దరూ పక్కకి తిరిగేవాళ్ళు. నిచ్చెన మేడలెక్కి ట్యాంకులు కడిగేవాడు, మూత బిగించి వెంటనే దిగిపోయేవాడు. విమానాలకి వీపు పెట్టి తడి చొక్కాతోనే మోపెడ్ ఎక్కేవాడు. కెమెరా బృందం కొత్త చోటు అడిగితే తెలీదన్నాడు. వరండా గోడ మీద సుద్దగీత అలాగే ఉండిపోయింది. దాన్ని అక్కా తుడవలేదు, అతనూ తుడవలేదు.

వానలు వెనకబట్టాక ఒకరోజు, అతను మోపెడ్ తుడుచుకుంటుంటే అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. చేతిలో ప్లాస్టిక్ కుర్చీ ఉంది.

"ఇది కట్టు. ఆ చోటేదో నాకు చూపించు," అంది.

"విమానాల పొగ నీకు పడదక్కా."

"పడకపోతే పోయింది. గాలి చూసే వచ్చాను, ఆస్పత్రి గొట్టం పొగ ఇవాళ సరిగ్గానే వాలుతోంది."

నిచ్చెన చేతిలో గుడ్డ ఆగిపోయింది. "పొగ సంగతి నీకెట్లా తెలుసు?"

"మీ ఇద్దరి గాలి కబుర్లు వినీ వినీ నాకు మాత్రం తెలీదా? ఆ పొద్దున కూడా వంటింటి కిటికీలోంచి చూశానురా. నిలువుగా లేస్తోంది. బూటు తుడుస్తూ, చెబుదామా వద్దా అనుకున్నాను. ఆ మొహం చూశాక నోరు రాలేదు." ఆమె కుర్చీ అతని చేతిలో పెట్టింది. "నిన్నన్న మాటలు నన్ను నేను అనుకోలేక అన్నవి. కట్టు."

నర్సరీ ఆవిడ వాళ్ళని చూసి, అరవకుండా ఊరికే తల ఊపింది. అదే మెరక మీద, అదే రెండు వరసల మధ్య నిచ్చెన కుర్చీ వేశాడు. అక్క కూర్చుంది. అటు చివర ఒకటి తిరిగి నిలబడింది. కదిలింది. ఎదురుగా, పెద్దదవుతూ, భూమి అదురుతుండగా పరిగెత్తుకొచ్చింది. ముక్కు ఎత్తింది. చక్రాల కింద సన్నగా వెలుతురు పడింది, ఆ వెలుతురు పెరిగింది, అంతే. వాళ్ళ నెత్తి దాటి పడమటికి పోయింది. అక్క మెడ తిప్పి అది చుక్కయ్యేదాకా చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే అక్కా."

"నిమిషం కూడా పట్టలేదే." ఆమె ముక్కుకున్న గుడ్డ కిందికి లాక్కుంది. "ఇది చూడ్డానికా ఆయన అంత తపించింది? ఎప్పుడో ఒక పూట సెలవు పెట్టుకుని నీతో వచ్చుంటే అయిపోయేదానికి, బతికున్నన్నాళ్ళూ..." అని ఆగిపోయింది. ఆమె ఊపిరి ఈల వేస్తోంది. ఆ ఈల వినగానే పని వదిలేసి పరిగెత్తుకొచ్చే మనిషి ఇప్పుడు లేడు. కుర్చీ చేతుల మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఆయన సెలవులన్నీ నాకే అయిపోయాయి కదరా," అంది.

నిచ్చెన కుర్చీ పక్కన వంగాడు. ఆమె వీపు రాశాడు, బావ రాసినట్టు. ఆయాసం కొంచెం నెమ్మదించాక, ఇక పోదామని కుర్చీ వెనక పట్టుకున్నాడు. అటు చివర ఇంకోటి వచ్చి తిరుగుతోంది.

"ఉండరా," అంది అక్క. "అది కూడా లేవనీ."